గసగసాల గింజంత కంటిపాప

సహోదరులారా, సంఘమంతా నన్ను గొప్ప ప్రార్థనాపరుడని పిలిచిన రోజులే నా జీవితంలో అన్నిటికంటే చీకటి రోజులు.

డెబ్బయ్యో దశకంలో నేను బస్సు డిపోలో మెకానిక్‌ని, లాల్‌దర్వాజాలో ఒక గదిలో అద్దెకు ఉండేవాణ్ణి. నా భార్యను ప్రభువు పిలుచుకున్న మరుసటి ఏడు ఇంజను దించుతుండగా నడుము పట్టేసింది, కూర్చుంటే లేవలేను, లేస్తే కూర్చోలేను, అప్పుడు తోటి మెకానిక్ ఒక నల్లమందు గోళీ నా అరచేతిలో పెట్టి, "ఇది వేస్కో అన్నా, నడుము ఉన్నదో లేదో గూడ తెల్వదు" అన్నాడు. నిజంగానే తెలియలేదు. నెలలు గడిచేసరికి నడుమే కాదు, ఇంకేదీ తెలియకుండా పోయింది, ఏ రోజూ డైరీ మానని నేను పేజీలు ఖాళీగా వదిలేశాను, గోళీ లేని పూట ముక్కు కారి, కాళ్ళు పీకి, ఒళ్ళంతా వణికేది.

ఆదివారం ఆరాధన మాత్రం మానలేదు. మత్తులో తల వంచి, కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చుంటే అది ధ్యానమనుకున్నారు. పాస్టరుగారు పిల్లలకు నన్ను చూపించి, ప్రార్థనంటే అట్లా ఉండాలన్నారు. ఆ తర్వాత ఇక ఎవరికి చెప్పుకోను? నా ప్రార్థనకు భంగం కలుగుతుందని పక్కవాళ్ళు దూరం జరిగేవారు, ఆరాధన అయ్యాక చప్పుడు చేయకుండా వెళ్ళిపోయేవారు, కళ్ళు తెరిస్తే ఖాళీ చాపలు.

మా పక్క గదిలో లక్క గాజులకు రాళ్ళద్దే ముసలామె ఉండేది, పిన్నమ్మ వరసలో ఖాలమ్మ అని పిలిచేవాణ్ణి. ఒక సాయంత్రం నల్లా దగ్గర నా ముఖంలోకి చూసింది.

"ఏంది కొడుకా, గింత చీకట్ల గూడ నీ కంటిపాప గసగసాల గింజంతనే ఉన్నది? మా ఆయన కండ్లు గిట్లనే ఉండె. అఫీము తింటున్నవా?"

తల దించుకున్నాను.

"మీ చర్చోళ్ళకు ఎరుకేనా?"

"వాళ్ళు ప్రార్థన అనుకుంటున్నరు ఖాలమ్మా."

ఆమె బోసినోటితో నవ్వి బిందె ఎత్తుకుంది. "మరి మీ దేవుడు గూడ గట్లనే అనుకుంటుండా?"

ఆ మాట నన్ను మోకాళ్ళ మీద పడేసింది. "ప్రభువా, మూసిన కళ్ళు అందరికీ చూపించాను, తెరిచిన కళ్ళు నీకు చూపిస్తున్నాను, నన్ను విడిపించు" అని ఏడ్చాను.

తెల్లవారి పాస్టరుగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని సర్కారు దవాఖానాకు తీసుకెళ్ళారు. డాక్టరమ్మ ఒక్కసారిగా మానవద్దని చెప్పి, తన కళ్ళముందే కొంచెం కొంచెం తగ్గించింది. నొప్పి తిరిగొచ్చింది. ఖాలమ్మ వావిలాకు ఉడికించి మూటగట్టి ఇస్తే, నల్లమందు రూపంలో ఒక మొక్క నన్ను కట్టేసింది చాలదా అని నేను భయపడ్డాను. డాక్టరమ్మ నవ్వి, ఆపరేషన్ అయినవాళ్ళకు తామిచ్చే మందూ ఆ గసగసాల కాయ పాల నుంచే వస్తుందని, తప్పు చెట్టుది కాదని, కొలత తప్పడమే తప్పని, కాపడం పెట్టుకోమని చెప్పింది.

కానీ నడుముకు కాపడం ఎవరికి వారు పెట్టుకోలేరు గదా. ఆరాధనలో నా పక్కనుంచి దూరం జరిగిన సహోదరులే సంగతి తెలుసుకుని వంతులవారీగా వచ్చి పెట్టారు. మా గదిలో మనిషి మాట వినబడి ఎన్నాళ్ళయిందో అప్పుడు తెలిసింది.

నల్లమందు నన్ను విడిచింది, దేవునికే మహిమ. నొప్పి చలికాలంలో ఇప్పటికీ పలకరిస్తుంది, అయితే దాన్ని ఒంటరిగా మోయడం లేదు. బాధలో ఉన్నవారు ఆయన్ని నమ్మండి, ఆయనకు చెప్పుకున్నది పక్కవాడికీ చెప్పుకోండి. ఆరాధన ముగిశాక ఎవరైనా ఇంకా కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటే, దయచేసి చప్పుడు చేయకుండా వెళ్ళిపోకండి.