తొమ్మిది పెట్టలకి ఇద్దరు లీడర్లు

డ్రిల్లు మాస్టారు రిటైరైంది స్కూలు నుంచే గాని ఈల నుంచి కాదు. మెడలో నల్ల తాడు, తాడుకి ఈల. స్నానానికి వెళ్ళేటప్పుడు మేకుకి తగిలించి, ఒళ్ళు తుడుచుకోగానే మళ్ళీ వేసుకునేవాడు. పాలు పొంగుతుంటే ఈల. గేటు దగ్గర ఎవరైనా నిలబడితే ఈల. ముప్పై రెండేళ్ళు పిల్లల్ని వరసల్లో నిలబెట్టిన ఆ మనిషికి, లోకం ఇంకా వంకర వరసలోనే ఉందని గట్టి నమ్మకం.

ఆయన భార్య మిషను కుట్టేది. వీధిలో అందరికీ మిషనక్క. ముందు గదిలో కిటికీ కింద మిషను, దాని పక్కన గుడ్డ పీలికల బుట్ట, వెనక తలుపు తీస్తే పెరడు, పెరట్లో తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. ఆ పుంజు పిల్లగా ఉన్నప్పుడు తల్లి పొడిచి తోసేస్తే, పీలికల బుట్టలో పెట్టి బల్బు కింద పెంచింది ఆవిడే. మిషను చప్పుడు వింటూ పెరిగినందుకో ఏమో, ఉత్త నెమ్మదస్తుడు. గింజ కనిపిస్తే తను తినకుండా పెట్టల్ని పిలిచేవాడు. మూడేళ్ళు ఆ పెరట్లో గొడవన్న మాట లేదు. మాస్టారికి అదే నచ్చలేదు.

మాస్టారి దగ్గర ఒక సిద్ధాంతం ఉంది. జీవితం మొత్తంలో ఆయనకి తట్టింది అదొక్కటే, అందుకే దాన్ని వదిలేవాడు కాదు. క్లాసుకి ఒకే లీడరుంటే వాడికి తలకెక్కుతుంది, ఇద్దర్ని పెడితే ఒకర్ని చూసి ఒకరు అదుపులో ఉంటారు. ఏ క్లాసులోనైనా ఇద్దరే. ఆ ఇద్దరూ గ్రౌండు వెనక చొక్కాలు చించుకుంటే, క్లాసు రెండు ముఠాలైతే, అది పోటీతత్వమని హెడ్మాస్టరుకి చెప్పి వచ్చేవాడు. పాపం, ఆ హెడ్మాస్టరు కూడా నమ్మేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొడుకులిద్దరూ కలిసి సైకిళ్ళ రిపేరు షాపు పెడితే, ప్రారంభం రోజునే ఈయన వెళ్ళి ఒక వారం పెద్దాడు లీడరు, ఒక వారం చిన్నాడు లీడరు అని గోడ మీద కాగితం అంటించి వచ్చాడు. పెద్దాడు సర్దిన పానాలు మరుసటి వారం చిన్నాడు తిరగేసేవాడు. చిన్నాడు రేపు రమ్మన్న మనిషిని పెద్దాడు వెనక్కి పంపేవాడు. రెండేళ్ళు తిరక్కుండా షాపు నడిమధ్య ప్లైవుడ్ చెక్క లేచింది. పెద్దాడు తన వైపు ఆకుపచ్చ రంగు వేసుకున్నాడు. రెండు తలుపులు, రెండు బోర్డులు, అన్నదమ్ములకి మాటల్లేవు. అమ్మ ఒక తలుపులోంచి వచ్చి రెండో తలుపులోకి వెళితే, చెక్క అవతల నుంచి అప్పటిదాకా ఆవిడ గొంతు విన్నవాడే "ఎప్పుడొచ్చావమ్మా?" అని అడిగేవాడు. మాస్టారు మాత్రం వాళ్ళకి క్రమశిక్షణ లేదని తేల్చేశాడు. ఆ కాగితం అంటించిన రోజు ఆవిడకి తెలుసు ఇది చెడుతుందని. ఎందుకొచ్చిన గొడవలే అని నోరు మెదపలేదు.

ఇక కోళ్ళ సంగతి. పక్కింటి కండక్టరు తన పుంజుని ఎవరికి అంటగట్టాలా అని చూస్తున్నాడు. అది మనిషి కనిపిస్తే చాలు, కాళ్ళ మీద పడి పొడిచేది. మాస్టారు గేటు దగ్గర దొరికాడు.

"మంచి పౌరుషం ఉన్న పుంజు మాస్టారూ. మీలాంటి వాళ్ళ చేతిలో పడితేనే దానికి విలువ" అన్నాడు కండక్టరు.

ఆ ఒక్క ముక్కకి మాస్టారు ఉబ్బి తబ్బిబ్బై పుంజుని చంకన పెట్టుకుని ఇంటికొచ్చాడు.

"ఏవండీ, ఉన్నది తొమ్మిది పెట్టలు. వాటికి రెండో పుంజు ఎందుకండీ?" అంది ఆవిడ.

"నీకు తెలీదు ఊరుకో. నీ పుంజుకి తలకెక్కింది."

"దానికా? తలకెక్కిందా?"

"ఇద్దరుంటే అదుపులో ఉంటారే!"

పాతదాని కాలికి ఎర్ర రిబ్బను, కొత్తదానికి నీలం రిబ్బను కట్టాడు. సోమ, బుధ, శుక్రవారాలు ఎరుపుకి, మంగళ, గురు, శనివారాలు నీలానికి, ఆదివారం ఇద్దరికీ సెలవు. కాగితం రాసి కోళ్ళగూడు తలుపుకి అంటించాడు. పుంజులు దాన్ని చదివిన దాఖలాలు లేవు.

మొదటి వారంలోనే పాతదాని తురాయి రెండు ముక్కలైంది. నెమ్మదస్తుడు నెమ్మది మర్చిపోయాడు. గింజ దొరికితే పిలవడం మానేసి, పరుగెత్తి పెట్టల మీద పడడం నేర్చాడు. ఒకడు దిగితే ఇంకొకడు. ఎవడు ఎక్కువ మొనగాడో తేల్చుకోవడానికి వాళ్ళకి దొరికిన చోటు ఆ పెట్టల వీపులే. బూడిద రంగు పెట్ట అందరికంటే సాధువు, పారిపోవడం చేతకాదు. నెల తిరిగేసరికి దాని వీపు మీద ఈక లేదు, రెక్కల కింద గోళ్ళు దిగిన గాట్లు. పగలంతా రుబ్బురోలు వెనక ఇరుక్కుని కూర్చునేది. గుడ్డు పెట్టడం ఎప్పుడో మానేసింది. మేతకి కూడా బయటికి రాని రోజున, ఇది నా కళ్ళ ముందే చచ్చిపోతుందని ఆవిడకి భయం పట్టుకుంది.

బుట్టలోంచి మందపాటి పీలికలు తీసింది. వీపు మీద కప్పేలా ఒక జానెడు గుడ్డ, రెక్కల కిందనుంచి వచ్చేలా రెండు ఎలాస్టిక్కులు. తొమ్మిది పెట్టలకి తొమ్మిది తొడుగులు కుట్టింది. ఎంతమంది ఒంటికో కొలతలు తీసిన చేయి, బూడిద పెట్ట పచ్చి వీపుకి టేపు తగలకుండా గాల్లోనే కొలిచింది.

మాస్టారు పెరట్లోకి వచ్చి చూసి మురిసిపోయాడు.

"యూనిఫాం బాగుందే! నాకు తట్టనే లేదు. సగం ఎరుపు, సగం నీలం కుట్టాల్సింది."

ఆవిడ వంగి బూడిద పెట్ట ఎలాస్టిక్కు సర్దింది. అలాంటి మనిషితో ఏమంటుంది?

తొడుగులు వీపుల్ని కాచాయి గాని పోట్లాట ఆపలేదు. చివరికి ఒక ఉదయం మాస్టారు అటక ఎక్కి, దుమ్ము దులుపుకుంటూ పెద్ద చెక్కతో దిగాడు.

"పెరడు మధ్యలో ఇది నిలబెడతా. అటు నాలుగు, ఇటు అయిదు. వారం వారం మారుస్తా. దెబ్బకి దారికొస్తాయి."

ఆవిడ చెక్క వైపు చూసింది. ప్లైవుడ్. అంచున ఆకుపచ్చ రంగు కారిన మరక ఉంది.

"ఇదెక్కడిదండీ?"

"మనవాళ్ళ షాపులో మిగిలిన ముక్క. పనికొస్తుందని అప్పుడే తెచ్చి దాచా" అన్నాడు, ముందుచూపు ఉన్నవాడిలా.

ఆవిడ ఆ మరకని వేలితో గీకి చూసింది. ఎప్పుడూ పైకి లేవని గొంతు ఆ రోజు వీధి దాకా వినపడింది.

"ఆ రోజు నోరు మూసుకున్నాను. కొడుకులు విడిపోయారు. ఇంక మూసుకోను. ఆ చెక్క నా పెరట్లో దిగిందంటే మీకూ నాకూ మధ్య కూడా ఒకటి లేస్తుంది."

"ఏమైందే నీకు? పాలాయన తోటలో మూడు పుంజులున్నాయి. వాటికి లేని గొడవ..."

"అక్కడ నలభై పెట్టలు, బోలెడంత చోటు. ఇక్కడ తొమ్మిది పెట్టలు, దోసెడు పెరడు. ఆ మాత్రం తెలీదా మీకు?"

"సరే, అయితే నీదాన్ని పంపెయ్. నాది చురుకైంది."

"మీదీ వద్దు, నాదీ వద్దు. నాదీ ఆ పాడు అలవాటే నేర్చింది, రెండూ పాలాయన తోటకే."

రెండు మూత బుట్టలు తెచ్చింది. నీలం రిబ్బనుదాన్ని పట్టుకుంటుంటే చేతికి రక్తం వచ్చింది. ఎర్ర రిబ్బనుది తనంతట తనే వచ్చి చేతిలో ఒదిగింది. మూత వేస్తుంటే ఆవిడకి ఏడుపు ఆగలేదు.

"పుంజు లేకపోతే గుడ్లెవరు పెడతారే?" అన్నాడు మాస్టారు.

"ఇన్నాళ్ళూ పుంజే పెడుతుందనుకున్నారా?"

పాలాయన రెండింటినీ తోటలోకి వదిలాడు. కొత్తది ఆ రోజే ఎవరినో పొడిచిందట. పాతది మూడో రోజు గింజ చూసి పెట్టల్ని పిలిచిందట. ఆ కబురు విన్నాక ఆవిడ కడుపునిండా అన్నం తింది.

ఇంకో నెలకి బూడిద పెట్ట వీపు మీద ఈకల మొనలు కనిపించాయి. తొడుగు విప్పిన వారానికి రుబ్బురోలు వెనక గుడ్డు పెట్టింది. మాస్టారు పెరట్లో నిలబడి ఈల ఊదాడు. ఒక్క పెట్టా తల ఎత్తలేదు.

"లీడరు లేకపోతే ఇవి ఎవరి మాట వింటాయే?"

"వినక్కర్లేదండీ" అని ఆవిడ గుడ్ల బుట్ట పట్టుకుని షాపుకి బయల్దేరింది.

ఈసారి ఏ తలుపులోకీ వెళ్ళలేదు. రెండు తలుపుల మధ్య, చెక్క అంచు వీధికి తగిలే చోట మెట్టు ఉంది. అక్కడ నిలబడి ఇద్దరికీ వినపడేలా చెప్పింది.

"తప్పు మీది కాదురా. మీ నాన్నది. తెలిసీ నోరు మూసుకున్నదాన్ని, నాదీ."

అవతల సుత్తి చప్పుడు ఆగింది. ఇవతల పంపు కొట్టడం ఆగింది.

బుట్ట మెట్టు మీద పెట్టింది. ఎప్పట్లా రెండు సంచుల్లో వేరుచేసి తేలేదు. ఇంతలో వీధి చివరనుంచి ఈల వినపడింది. పాలు పొంగుతున్నాయి కాబోలు. పొంగనీ అనుకుని ఆవిడ బుట్ట పక్కనే కూర్చుంది.