కుంటలో దిగిన మా రూతమ్మ

మా రూతమ్మ బాప్తిస్మం తీసుకుంది! తనంతట తానే అడిగి, సంఘం ముందు నిలబడి, తన నోటితో చెప్పి మరీ నీళ్లలోకి దిగింది. దేవునికి వేయి స్తోత్రాలు. ఈ సంతోషం నా ఒక్కడి కడుపులో పట్టడం లేదు. మహబూబ్‌నగర్ వైపు ఇట్లాంటి పని మీద పోయే మనవాళ్లకు దారి కూడా తెలుస్తుందని రాస్తున్నాను. నా చదువు మిషన్ బడిలో నాలుగో తరగతి వరకే, తప్పులుంటే సర్దుకుని చదవండి.

బిడ్డ బాప్తిస్మం ఇంత పెద్ద సంగతా అని బయటివాళ్లు అడుగుతారు. మన సంఘంలో పసిపిల్లలకు బాప్తిస్మం లేదు, తండ్రి నమ్మకం బిడ్డకు భూమి లాగా రాదు. ఎవరికి వారే అడగాలి, సంఘం చేతులెత్తి ఒప్పుకోవాలి. అప్పటిదాకా గుడిలో ప్రభువు బల్ల కాడ పంచే రొట్టె లేదు. నా భార్య ప్లేగులో పోయినప్పటి నుంచి రూతమ్మ దేవుని మీద అలిగింది. గుడికి వచ్చేది, నా పక్కనే కూర్చునేది, రొట్టె పళ్లెం వస్తే చేతులు ఒళ్లో ముడుచుకుని కిందికి చూసేది. పక్కన బిడ్డ ఉండగా నేనొక్కణ్నే తినాలి. తర్వాత అది మహబూబ్‌నగర్ దగ్గర మిషన్ దవాఖానలో ఆయాగా కుదిరింది. అప్పుడు ఆ పక్క జాగా కూడా ఖాళీ అయింది. మొన్న అటు నుంచి వచ్చిన కంపౌండరు, ఈ ఆదివారం రూతమ్మ సాక్ష్యం చెప్పబోతోందని చెప్పాడు. నేను ఆ పూట అన్నం తినలేదు.

శనివారం తెల్లవారుజామున నల్గొండలో బస్సెక్కాను. యుద్ధం మొదలైనప్పటి నుంచి బస్సు బొగ్గుతో నడుస్తోంది, ఎత్తు వస్తే అందరూ దిగి నడవాల్సిందే. నార్కట్‌పల్లిలో బొగ్గు వేయడానికి ఆపినప్పుడు డ్రైవరు నా కొత్త ధోవతి చూసి పలకరించాడు.

"ఏడికి తాతా, ఒక్కనివే పోతున్నవ్? పెండ్లా?"

"పెండ్లి గాదు నాయినా. గంతకన్న పెద్దదే."

"మరి చుట్టాలేరి?" అన్నాడు. బస్సు కదిలాక చాలాసేపు ఆ మాటే నా వెంట వచ్చింది. హైదరాబాదులో దిగి, మూడణాలకు టాంగా మాట్లాడుకుని కాచిగూడ స్టేషనుకు పోయాను. మధ్యాహ్నం బండి దొరికింది. దారి పొడుగునా రాతి గుండ్లు, ఎండిన జొన్న చేన్లు. పెట్టెలో ఎవరి మూట దగ్గర వాళ్లు ముచ్చట్లలో ఉన్నారు. నేను జొన్నరొట్టె, ఉల్లిగడ్డ తిని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. పొద్దుగూకే వేళకు మహబూబ్‌నగర్‌లో దిగి, బండ్లబాట పట్టుకుని దవాఖాన చేరాను. రూతమ్మ కాళ్లకు నీళ్లిచ్చింది గానీ, రేపటి సంగతి ఒక్క మాట మాట్లాడలేదు.

అక్కడి సంఘ పెద్ద దావీదు గారు తన అరుగు మీద నాకు పడక వేయించి వాళ్ల చరిత్ర చెప్పాడు. తెల్ల డాక్టరు దొర గుడారం వేసి కురుపులు కడిగిన జాగాలోనే ఆ గుడి లేచిందట. మొదట నమ్మినవాళ్లు గుంట భూమి లేని కూలివాళ్లు. వెట్టికి తప్ప మా చేతులను ఎవరు లెక్కపెట్టారు, ఆ గుడిలో బడి పంతులు చెయ్యి ఒకటైతే మా చెయ్యీ ఒకటే అయింది అన్నాడు. మా నల్గొండ సంఘం కథ కూడా ఇదే కదా అని నాకు కళ్లు చెమర్చాయి.

ఆదివారం పొద్దున గుడి నిండింది. రూతమ్మ లేచి నిలబడింది. పాస్టరు అయ్యగారు, ఎందుకు అడుగుతున్నావమ్మా అన్నాడు.

"మా బాపు బల్ల కాడ ఒక్కడైండు," అని ఆగిపోయింది.

నా గుండె పొంగింది. కానీ ఒక్క చెయ్యీ లేవలేదు. దావీదు గారు మెల్లగా అన్నాడు: "బాపు కోసమైతే దిగకు బిడ్డా. గది నీ బాప్తిస్మం గాదు."

నిజమే, మన నమ్మకమే అది. అయినా ఆ క్షణం నాకంటే ఒంటరివాడు ఆ జిల్లాలో లేడు. రూతమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ మళ్లీ మొదలుపెట్టింది.

"వార్డుల ఒక అవ్వ, ఎవ్వలు లేరు. పానం పోయేటప్పుడు పార్తన జెయ్యమన్నది. నాకు రాదన్న, ఇనలే. మా అమ్మ జేసేది యాదికొచ్చి జేసిన. అవ్వ పోయింది. నేను మాత్రం ఆపలే. గప్పటిసంది రోజు జేస్తున్న, ఎవ్వలకు జెప్పలే." తర్వాత నా వైపు చూసి అంది: "బాపు రాకున్న దిగుత."

ఆ చివరి మాట కొంచెం గుచ్చుకుంది. కానీ దాని కోసమే కదా ఇన్నేళ్లు మోకరించాను! చేతులు లేచాయి. నేనూ ఎత్తాను, అందరికంటే ఎత్తుగా. దావీదు గారు నా మోచెయ్యి పట్టి కిందికి దించాడు.

"మీది నల్గొండ సంఘం, పెద్దాయనా. ఈడ మీకు చెయ్యి లేదు."

అందరూ నవ్వారు. రూతమ్మ కూడా నవ్వింది. తల్లి పోయాక అది నవ్వడం నేను అప్పుడే చూశాను.

గుడి వెనక కుంటలో నీళ్లు నడుము లోతు. అయ్యగారు దాన్ని వెనక్కి వంచి ముంచాడు, లేపాడు, అంతే. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. గుడికి తిరిగి వచ్చాక రొట్టె పళ్లెం మా వరుసకు వచ్చింది. రూతమ్మ ముందు తాను తీసుకుని నాకు అందించింది.

సోమవారం దానికి పనివేళ కావడంతో గేటు దాకా వచ్చి వెనక్కి తిరిగింది. ఒక్కణ్నే వచ్చాను. ఇంట్లో ఇప్పటికీ ఒక్క కుండే, ఒక్క చాపే. అయినా ఆ ఖాళీ జాగా ఇప్పుడు వేరేగా ఉంది, ఎవరో లేచి పని మీద పోయినట్టుంది. పోయేవాళ్లకు ఒక మాట: పొడి చీర, గొంగడి వెంట తీసుకుపోండి. కుంట గట్టు మీద గాలి బాగా కొడుతుంది, మా బిడ్డ నా కండువా కప్పుకుని వణికింది.

ఇక చెప్పాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు. నార్కట్‌పల్లి చెల్లెకు, తిరుమలగిరి బామ్మర్దికి, చెవులు వినపడని మా అత్తకు చేతిలో చెయ్యేసి, సమాధిలో ఉన్న రూతమ్మ తల్లికి. ఆఖరున మా పెద్దన్నకు. నేను బాప్తిస్మానికి నీళ్లలో దిగిన రోజు నుంచి, నన్నెవరో దించారని ఆయన నాతో మాట్లాడడు, నేను పోతే తలుపు తీయడు. తిరుమలగిరి దారిన మేకలు మేపుతూ ఉంటాడు. అటు పోయేవాళ్లెవరైనా కాస్త ఆగి చెప్పండి: నీ తమ్ముడి బిడ్డ దిగింది, ఎవరూ దించలేదు, తానే దిగింది అని.