రాగి బిందె నీళ్లు, ఎర్ర రొయ్యలు

పెళ్లి జాకెట్టు మీద నెమలి కుడుతుండగా నా చేతిలో ఏదో తేడా ఉందని మొదటిసారి తెలిసింది. మెట్‌పల్లి బజారులో రజితక్క షాపులో నేను మగ్గం వర్కు చేస్తాను. 'ఆ పిల్ల కుట్టిన నెమలే కావాలె' అని అడిగి మరీ కుట్టించుకునేవారు ఉన్నారు. అలాంటిది ఆ రోజు పూస సూదికి ఎక్కలేదు. మూడుసార్లు జారిపోయింది. నాలుగోసారి చూసుకుంటే కుడిచేయి వణుకుతోంది.

"పొద్దుగాల ఏం తినలేవా? పో, ఇంత తినిరా," అంది రజితక్క. తిని వచ్చాను. వణుకు తగ్గలేదు.

రెండు నెలల్లో నా సంతకం మారిపోయింది. మాట ముద్దగా రాసాగింది. పొద్దున లేచేసరికి నోట్లోంచి కారి దిండు తడిసి ఉండేది. నరాల బలహీనత అని ఎవరో అంటే బలం గోలీలు మింగాను. దిష్టి అని ఇంకెవరో అంటే అవ్వ (మా వైపు అమ్మను అవ్వ, నాన్నను బాపు అంటాం) ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. దిష్టి సంగతి తెలియదు గానీ, ఇంటిల్లిపాదికీ దగ్గు మాత్రం వచ్చింది.

చివరికి బాపు కరీంనగర్‌లో న్యూరాలజీ డాక్టరు గారికి చూపించాడు. ఆయన కంటి పరీక్షకు పంపారు. స్లిట్ ల్యాంప్‌లో నల్లగుడ్డు అంచు చుట్టూ గోధుమరంగు రింగ్ కనిపించిందట. తర్వాత రక్తంలో సెరులోప్లాస్మిన్, ఇరవై నాలుగు గంటల యూరిన్ కాపర్, బ్రెయిన్ ఎంఆర్ఐ. రిపోర్టులన్నీ చూసి డాక్టరు గారు, "విల్సన్స్ డిసీజ్. తిండిలో వచ్చే కాపర్‌ను, అంటే రాగిని, మీ ఒళ్లు బయటికి పంపలేకపోతోంది. అది లివర్‌లో, బ్రెయిన్‌లో పేరుకుంటోంది. మందులు జీవితాంతం వాడాలి. మానకుండా వాడితే బాగుంటారు," అన్నారు.

"నా కడుపుల పుట్టినందుకే దీనికి గిది వచ్చిందా సారు?" అని అడిగింది అవ్వ.

"తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వస్తుందమ్మా. మీ తప్పేమీ లేదు."

'తల్లి నుంచి' అన్న మాట ఒక్కటే అవ్వ చెవికెక్కింది. నేను ఒక్కదాన్నే సంతానం.

లివర్, చాక్లెట్, జీడిపప్పు, పుట్టగొడుగులు వద్దన్నారు. రాగి పాత్రలో నీళ్లు అసలే వద్దన్నారు. మా ఇంట్లో అవ్వ పుట్టింటి నుంచి వచ్చిన రాగి బిందె ఉంది. రాత్రి నింపిపెట్టి పొద్దున ఆ నీళ్లే తాగడం మాకు అలవాటు. ఆ సాయంత్రమే అవ్వ దాన్ని వెనక గదిలోకి చేర్చి స్టీలు బిందె పెట్టింది.

ఒంట్లోని రాగిని బయటికి పంపే మందు పెన్సిలమైన్ మొదలుపెట్టిన మూడో వారానికి నా పరిస్థితి ఇంకా దిగజారింది. గ్లాసు కూడా పట్టుకోలేకపోయాను. "మొదట్లో కొందరికి ఇలా అవుతుంది, భయపడి మానకండి," అని డాక్టరు గారు డోసు సర్దారు. నాకు మాత్రం ఆశ పోయింది. నా ఫ్రేము వేరే అమ్మాయికి ఇచ్చేయమని రజితక్కకు కబురు పెట్టాను.

ఆమె మర్నాడే వచ్చింది, చేతిలో ఒక గాజు సీసా. అందులో పది చిట్టి ఎర్ర రొయ్యలు, ఒక్కొక్కటి చిటికెన వేలి గోరుకంటే కాస్త పొడవు. వాళ్లింట్లో తొట్టి నిండా పెంచుతుంది.

"నీ ఫ్రేము ఎవ్వలకియ్య. నువ్వు వచ్చేదాక గివి సాదు," అంది.

గాజు తొట్టి, గాలి బుడగల ఫిల్టరు, గుప్పెడు నాచు ఆమే అమర్చింది. నల్లా నీళ్లు పట్టి, క్లోరిన్ పోయేలా రెండు రోజులు బకెట్లో నిలువ ఉంచి, కొద్దికొద్దిగా పోయాలి. ఉడికించిన పాలకూర ముక్కను పట్టకారుతో కిందికి దించాలి. నా చేతికి ఆ ఒక్క పని అరగంట పట్టేది. ఫిజియోథెరపీ మేడమ్ మాత్రం ఇంతకన్నా మంచి ఎక్సర్‌సైజు లేదన్నారు.

"గివి పులుసుకు గూడ రావు, ఎందుకే?" అని అవ్వ మొదట్లో ఆటపట్టించేది. రొయ్య పెరిగినప్పుడల్లా పాత పెంకు విడిచేస్తుంది. కొత్తది గట్టిపడేదాకా నాచులో దాక్కుంటుంది. నేనూ అప్పుడు ఎవరి కంటా పడకుండా దాక్కునేదాన్ని, అందుకే వాటి మీద నాకు ప్రాణం. ఒకరోజు ఒకదాని పొట్ట కింద పసుపు గుడ్లు కనిపించాయి. అది కాళ్లతో గుడ్లకు విసనకర్రలా విసురుతూ ఉంటే అవ్వ పక్కన కూర్చుండిపోయింది. "కడుపుతోని ఉన్నది, దాన్ని జర మంచిగ సూసుకోవాలె," అంది.

మూడో నెల రిపోర్టులో కాపర్ అనుకున్నంత తగ్గలేదు. "రాగి పాత్రలు వాడటం లేదు కదా?" అని డాక్టరు గారు అడిగారు. లేదన్నాను. అవ్వ కొంగు సర్దుకుంది.

ఆ వారంలోనే ఒక పొద్దున చూస్తే ఏడు రొయ్యలు పక్కకు ఒరిగి పడి ఉన్నాయి. గుడ్ల రొయ్య కూడా. ఏడుస్తూ రజితక్కకు ఫోన్ చేశాను.

"దోమల మందు కొట్టిన్రా? లేదా? మరి రాగిది ఏమన్న తగిలిందా? రాగి గీటికి విషమే పిల్లా."

స్పీకర్‌లో ఆ మాట విని అవ్వ గడప దాటి తొట్టి దగ్గరికి వచ్చింది.

"కడుపుతోని ఉన్నదని మంచినీళ్లు పోసిన బిడ్డా."

"ఏ మంచినీళ్లు?"

నన్ను వెనక గదిలోకి తీసుకుపోయింది. రాగి బిందె చింతపండుతో తోమి తళతళలాడుతోంది, నిండా నీళ్లు. "నువ్వు తాగే నీళ్ల సీసల గూడ కలుపుతున్న. మందు వేసినసంది నువ్వు ఇంకింత గుంజుకపోతివి. రాగి నీళ్లు నరాలకు మంచియని అందరంటరు. నా నుంచి వచ్చినదానికి నేనే ఏమన్న జేయాలె అనుకున్న."

నాకు పట్టరాని కోపం వచ్చింది. నా సీసా తెచ్చి నీళ్లన్నీ పెరట్లో పారబోశాను. తర్వాత చూస్తే అవ్వ చాయ వడబోసే జాలితో చచ్చిన రొయ్యల్ని ఒక్కొక్కటే తీసి ఆకులో పెడుతోంది. గుడ్ల రొయ్యను తీయలేక ఆగిపోయింది. వెళ్లి ఆమె చేతులు పట్టుకున్నాను. దాన్ని ఇద్దరం కలిసి తీశాం.

డాక్టరు గారికి జరిగింది చెప్పాం. ఆయన తిట్టలేదు. "పరిస్థితి దిగజారింది మందు వల్లనో, నీళ్ల వల్లనో ఇప్పుడు చెప్పలేం. నాకు చెప్పారు, అదే మంచిది," అన్నారు.

రాగి నీళ్లు మానాక మెల్లగా మాట తేటపడింది. మిగిలిన మూడు రొయ్యల్లో ఒకటి కూడా పొట్ట కింద గుడ్లు పెట్టింది. నెల దాటాక నాచులో ఆవగింజంత పిల్లలు కదిలాయి. మొదట చూసింది అవ్వే.

ఇప్పుడు రెండో ఏడు నడుస్తోంది. మందులు మానలేదు. అలసిపోతే చేయి వణుకుతుంది, అందుకే రోజుకు నాలుగు గంటలే ఫ్రేము ముందు కూర్చుంటాను. మొన్న ఒక నెమలి కన్ను కుట్టడానికి పూటంతా పట్టింది. రజితక్క దాన్ని వెలుగులో తిప్పి తిప్పి చూసి, నా ముందు ఇంకో జాకెట్టు పెట్టింది.

నాలాంటి జబ్బున్నవాళ్లకు ఒక్కటే చెప్తాను. మీరు తాగేది, తినేది అంతా డాక్టరుకు చెప్పండి. ఇంట్లోవాళ్లు ఇంకేమైనా కలుపుతున్నారేమో కూడా అడగండి. కోప్పడి అడిగితే చెప్పరు, పక్కన కూర్చుని అడగండి.

మా అవ్వ రాగి బిందె అమ్మేసింది. రెండు రోజులు నిలువ ఉంచిన స్టీలు బిందె నీళ్లు ముందు ఒక గ్లాసు తొట్టిలో పోస్తుంది. నడుం మీద చేతులు పెట్టుకుని కాసేపు చూస్తుంది. అప్పుడే నా నీళ్ల సీసా నింపుతుంది.

"గివి మంచిగనే తిరుగుతున్నయి. ఇగ నువ్వు తాగు బిడ్డా."