అత్తగారి ముక్కు, కోడలి చేయి

షీ వారి కోడలు యూనువాన్‌కు వాసన తెలియడం లేదన్న సంగతి ఇంట్లో రెండు నెలల దాకా ఎవరికీ తెలియదు.

ఆమె లూకాంగ్ పట్టణంలో కుళాయిల కార్ఖానాలో మెరుగుపెట్టే పని చేసేది. నలభై ఎనిమిదో ఏట, ఒక వానపొద్దున పనికి వెళ్తుంటే స్కూటరు జారి తల వెనక భాగం రోడ్డుకు కొట్టుకుంది. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంచి పంపించారు. ఇంటికొచ్చిన మర్నాడు పొయ్యి మీద గంజి అడుగంటితే, పొగ కళ్ళలోకి వచ్చేదాకా ఆమెకు తెలియలేదు. డాక్టరు నాలుగు సీసాలు ముక్కు దగ్గర పెట్టి చూసి, "నరం దెబ్బతింది. మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు" అన్నాడు.

ఆ మాట ఆమె ఇంట్లో చెప్పలేదు. అత్తగారికి భయపడింది. ఇరవై ఆరేళ్ళుగా ఆ ముసలావిడ కోడలి వంటకు వంక పెట్టని రోజు లేదు. ఇది కూడా తెలిస్తే గరిటె లాక్కుంటుందని యూనువాన్ నమ్మకం. రోజువారీ కూరలు చేతి అలవాటు మీద నడిచిపోయాయి.

ఏడాది చివర నేలదేవుడి పూజ వచ్చింది. ఆ రోజు ఊళ్ళో ఎవరింట చూసినా పంది మాంసం పెట్టిన ఆవిరి బన్నులే. యూనువాన్ ఎప్పటిలాగే పిండి కలిపి తడిగుడ్డ కప్పింది. పొట్టమాంసం ముక్కలు కోసి సోయాసాసు, బియ్యం సారా, పటికబెల్లం, అనాసపువ్వు వేసి సన్నమంట మీద పెట్టింది. చలికాలమే అయినా ఆ రోజు ఎండ చుర్రుమంది. పిండి పొంగి, మళ్ళీ కుంగింది. అది పులిసిపోయిందని ముక్కు ఉన్నవాళ్ళెవరైనా చెప్పేవారు. మాంసం కూడా మంచిది కాదు. కొట్లో ఎప్పుడూ వాసన చూసి గానీ తీసుకోని మనిషి, ఈసారి ఇచ్చింది పట్టుకొచ్చింది.

మధ్యాహ్నం ముగ్గురూ కూర్చున్నారు. భర్త తెంగ్‌షుయ్ బన్ను నోట్లో పెట్టుకుని, నీళ్ళు తాగి, రెండోది తీసుకున్నాడు. అత్తగారు ఒక్క కొరుకు కొరికి కింద పెట్టేసింది.

"ఏమే, ఇది బన్నా, సారా బట్టీనా? ఈ మాంసమేమిటి, ఇంత నీచు కొడుతోంది? నీ ముక్కుకేం తెగులొచ్చింది?"

"అవునత్తయ్యా. తెగులే వచ్చింది" అంది యూనువాన్. "పడ్డప్పటి నుంచి నాకు ఏ వాసనా తెలీట్లేదు."

తెంగ్‌షుయ్ నమలడం ఆపాడు. ముసలావిడ లేచి తన గదిలోకి వెళ్ళిపోయింది. యూనువాన్ బన్నులన్నీ చెత్తబుట్టలో పడేసి, అంట్లు తోముతూ ఏడ్చింది.

మర్నాడు ఆదివారం. ఆమె లేచి వచ్చేసరికి అత్తగారు వంటగదిలో ఎత్తుపీట వేసుకుని కూర్చుని ఉంది. బల్ల మీద ఆకులో చుట్టిన మాంసం. ఎనభై ఏళ్ళ మనిషి, చేతికర్ర పట్టుకుని తెల్లారకముందే బజారుకు పోయివచ్చింది.

"నిలబడ్డావేం? పిండి తియ్యి."

"నిన్ననే కదత్తయ్యా చేసింది."

"నిన్నటిది దేవుడు కూడా తిని ఉండడు. నేను వాసన చూసి చెప్తా, నువ్వు చెయ్యి. నా చేతుల్లో పిసికే బలం ఎక్కడుంది?"

అలా మొదలైంది. ముసలావిడ గంటకోసారి గుడ్డ ఎత్తి పిండిని వాసన చూసేది. "ఇంకా కాదు" అనేది. ఇంకాసేపటికి, "ఊఁ, ఇప్పుడు" అనేది. యూనువాన్ ఉండలు చేసి, అరచేయంత కోలగా ఒత్తి, నూనె రాసి మడిచి, ఆవిరి పట్టే వెదురు బుట్టలో పేర్చేది. మాంసం గిన్నె మూత తీసినప్పుడల్లా ముసలావిడ వంగి, "అల్లం చాల్లేదు", "అనాసపువ్వు తీసెయ్, చేదెక్కుతుంది" అని ఆజ్ఞలు జారీ చేసేది.

మధ్యలో యూనువాన్ మాంసం పులుసు వేలితో నాకి చూసి ఆగింది.

"అత్తయ్యా, పటికబెల్లం సగం ఏమైంది?"

"నాకేం తెలుసు?"

"మీ పైజేబు ఉబ్బుగా ఉందేం? నాకు పోయింది ముక్కు, నాలుక కాదు."

ముసలావిడ పకపకా నవ్వి, జేబులోంచి బెల్లం ముక్కలు తీసి బల్ల మీద పడేసింది. "ఇరవై ఆరేళ్ళ నుంచి చెప్తున్నా, తీపెక్కువ వేస్తావని. ఈసారైనా నా మాట నెగ్గుతుందనుకున్నా." యూనువాన్ సగం తీసి గిన్నెలో వేసింది. మిగతా సగం అత్తగారి జేబులోకే పోయింది.

ఆ బన్నులు బాగా వచ్చాయి. ఊరబెట్టి వేయించిన ఆవాకు, పల్లీల పొడి, కొత్తిమీర పెట్టుకుని ముగ్గురూ తిన్నారు. యూనువాన్‌కు నోట్లో ఉప్పు, తీపి, మెత్తదనం తప్ప మరేం తెలియలేదు. అయినా రెండు తింది.

వాసన మళ్ళీ రాలేదు. ఆ ఎత్తుపీట మాత్రం వంటగదిలోనే ఉండిపోయింది. అత్తాకోడళ్ళ వాదులాట వీధిలోకి వినిపించేది, కానీ ఇప్పుడు ఇద్దరూ ఒకే గిన్నె మీద వాదించుకునేవారు. నాలుగో ఏడు ముసలావిడ కంటి ఆపరేషనుకు వెళ్ళినప్పుడు తెంగ్‌షుయ్‌ని పీట మీద కూర్చోబెట్టారు. అతను పిండి వాసన చూసి "బాగానే ఉంది" అన్నాడు, మాంసం చూసి "బాగానే ఉంది" అన్నాడు. పచ్చి అల్లం చూపించినా అదే మాట.

"లేవండి, మీరు టీవీ చూసుకోండి" అంది యూనువాన్. పిండి గిన్నె సంచిలో పెట్టుకుని, స్కూటరెక్కి అత్తగారున్న ఆసుపత్రికి బయల్దేరింది.