ఫోనమ్మ తప్పు చెప్పలేదు

పోయిన సంతరోజున మా ఫోన్ల కొట్టులో పెద్ద చర్చ జరిగింది. ఏళ్ల తరబడి ఊరిస్తున్న ఒక వీడియో గేమ్ విడుదల మళ్లీ వెనక్కి పోయిందన్న వార్త ఆ ఉదయమే వచ్చింది. ఆ ఆట ఆడాలంటే కావలసిన యంత్రం ముంచింగిపుట్టు మొత్తం మీద ఒక్కరి దగ్గరా లేదు. అయినా విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్టలు అమ్ముకుని వచ్చినవాళ్లూ, ఛార్జింగ్ కోసం ఫోన్లు తగిలించి కూర్చున్నవాళ్లూ, సొంతింట్లో పెళ్లి వాయిదా పడినట్టు మొహాలు పెట్టారు. వార్త చెప్పిన మా వదిన టీ తాగడానికి బయటికి వెళ్లింది. ఆవిడ అటు వెళ్లగానే, ఒడిశా సరిహద్దు దగ్గరి ఊరి నుంచి ఏడాదికోసారి పసుపు అమ్మడానికి దిగే ఒక పెద్దాయన కౌంటర్ మీదికి వంగి గొంతు తగ్గించి అడిగాడు. "ఆ తప్పుడు కబుర్లు సెప్పే ఫోనమ్మ ఇంకా మీ కొట్లోనే ఉన్నాదేటి బావూ?"

ఆయనకి అక్కడే నిలబెట్టి జరిగిందంతా చెప్పాను. శ్రద్ధగా విని తల ఊపి వెళ్లాడు. కాని ఆయనలాంటివాళ్లు ఆ కొండల్లో ఇంకా ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు. నోటితో చెబితే చేరనివాళ్లకి రాతతోనైనా చేరుతుందేమోనని ఇది రాస్తున్నాను. ఫోనమ్మ అని జనం పిలిచేది మా వదినని. ఆవిడ తప్పుడు కబురు చెప్పలేదు. చెప్పింది నేను.

మాది బొబ్బిలి వైపు. ఈ ఊళ్లో మొదటి టవర్ లేచిన కొత్తలో మా అన్నయ్య వచ్చి రీఛార్జ్ కార్డులు అమ్మే చిన్న కొట్టు పెట్టాడు. కింద మైదానంలో నా బట్టల వ్యాపారం చతికిలబడ్డాక నేనూ ఘాటీ ఎక్కి వచ్చి ఆయన పక్కన చేరాను. అన్నయ్య హఠాత్తుగా పోయినప్పుడు, పిల్లలు లేని మనిషి కదా, వదిన రాజవొమ్మంగిలో ఉన్న తన చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతుందని అందరం అనుకున్నాం. ఆవిడ మాత్రం కర్మలన్నీ అయ్యాక వచ్చిన మొదటి సంతకి కొట్టుకి వచ్చి, అన్నయ్య కూర్చునే స్టూలు తుడిచి, దానిమీద కూర్చుంది. ఇంట్లో గోడలు మాట్లాడవు, ఇక్కడ జనమైనా మాట్లాడతారు అంది. సరే, ఉండనీ అనుకున్నాను. ఊరికే కూర్చోబెట్టడం ఎందుకని ఒక పని కూడా అప్పజెప్పాను. పగిలిన ఫోనుకి కొత్త డిస్‌ప్లే వేశాక అన్ని మూలలా టచ్ పని చేస్తోందో లేదో చూడాలి. అందుకోసం రంగు బుడగలు పేల్చే ఒక ఆట పెట్టి ఇచ్చాను. ఒక ఆట గెలిచి గాని ఆవిడ ఫోను తిరిగి ఇచ్చేది కాదు. ఓడిపోతే తప్పు తనది కాదనీ, కుడివైపు కింది మూల టచ్ సరిగ్గా లేదనీ నాతో వాదించేది. చాలాసార్లు నిజంగానే మూల పని చేసేది కాదు. కొన్నిసార్లు ఆవిడకి ఆట రాక.

అలా మొదలైంది. బుడగల తరవాత కార్ల పందెం, దాని తరవాత పొలాలు వేసుకునే ఆట, ఆ తరవాత ఆ ఆటలు ఎవరు తయారు చేస్తారు, కొత్తవి ఎప్పుడొస్తాయి, ఏ ఫోనులో ఆడతాయి అనే విచారణ. వారమంతా చెవిలో వైరు పెట్టుకుని ఫోన్ల గురించి, ఆటల గురించి చెప్పే వీడియోలన్నీ చూసేది. కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో ఆవిడకి గుర్తుండేది కాదుగాని, ఏ కంపెనీ బ్యాటరీ ఎంత పెంచిందో గుర్తుండేది. సంతరోజున అదంతా కొట్టులో కూర్చుని చెప్పేది. మా పైఊళ్లలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఉన్నచోట కూడా ఏదో ఒక బండమీద, ఒక పక్కకి తిరిగి నిలబడితేనే వస్తుంది. కాబట్టి ఉప్పూ, ఎండు చేపలూ కొనుక్కున్నట్టే వారానికి సరిపడా కబుర్లు కూడా సంతలోనే కొనుక్కుని కొండెక్కాలి. అవి మా వదిన దగ్గర ఊరికే దొరికేవి.

ప్రపంచంలో ఏ కొత్త వస్తువు వచ్చినా ఆవిడ ఒకే జల్లెడలో పోసేది. ఇది కొండమీద పని చేస్తుందా, చెయ్యదా? మడతపెట్టే ఫోను వచ్చినప్పుడు, పుస్తకంలా తెరుచుకుంటుంది గాని సందులో ఇసక పడితే పనికిరాదట, చోడి కంకులు నూర్చిన చేత్తో ముట్టుకోడానికి వీల్లేదు అని తేల్చేసింది. కళ్లజోడులోనే సినిమా కనిపిస్తుందన్న వార్త చెబితే, దానికి చత్వారం పవరు కూడా వేసి ఇస్తారా అని ఒక ముసలమ్మ అడిగింది. వదిన ఆలోచించి, తెలుసుకుని వచ్చే సంతకి చెబుతానంది. కంప్యూటర్లకి మాటలు నేర్పడం కోసం మెమరీ చిప్పులన్నీ అటే పోతున్నాయనీ, అందుకే ఫోన్ల ధరలు పెరుగుతున్నాయనీ వార్త వచ్చినప్పుడు ఆవిడ చెప్పిన తీరు ఇప్పటికీ ఊళ్లో చెప్పుకుంటారు. "ఆ మాటాడే మెషీన్లు బకాసురుడి సంతానం. మన గుంటలు ఆడుకునే ఫోన్లలో మెమరీ కూడా అవే తినేత్తన్నాయి."

ఇంకొక అలవాటు ఉండేది. ఈ కథంతా దానిమీదే నడిచింది. ఏ సంతలోనైనా ఆవిడ కొత్త వార్త మొదలుపెట్టేముందు కిందటి సంతలో తాను తప్పు చెప్పినవి చెప్పేది. అంబలి కాగేలోగా ఫోను ఛార్జింగ్ నిండిపోతుందన్నాను, అది కంపెనీవాళ్ల సొంత ఛార్జర్ పెడితేనే అట, మామూలుదానికి వంటంతా అయిపోతుంది అని నవ్వుతూ ఒప్పుకునేది. జనానికి వార్తలకన్నా ఆ తప్పులే ఎక్కువ ఇష్టం. బేగి రండి, ఫోనమ్మ తప్పులు సెప్పేత్తంది అని ఒకరినొకరు పిలుచుకునేవారు. ఇలా మన పరువు మనమే తీసుకుంటే వ్యాపారం ఏం సాగుతుందని నేను విసుక్కునేవాణ్ణి.

కిందటేడు, కాఫీ పళ్లు అమ్ముడుపోయే రోజుల్లో, పైఊరి రైతు ఒకాయన కొట్టుకి వచ్చాడు. హాస్టల్లో చదివే కూతురు సెలవులకి వస్తోందట. ఆ పిల్ల ఒక కార్ల పందెం ఆట పేరు చెప్పి, అది ఆడే ఫోను తెమ్మందట. ఆయన అడిగింది ఒక్కటే. "మా ఊర్ల సిగ్నల్ నేదు. అక్కడ ఆడతాదా బావూ?" వదిన అప్పుడు భోజనానికి ఇంటికి వెళ్లి ఉంది. ఆ ఉదయమే ఆవిడ నాతో చెప్పింది. కొత్త మార్పు తరవాత ఆ ఆట తెరిచిన ప్రతిసారీ నెట్ అడుగుతోంది, దానికోసమని పైఊళ్లవాళ్లకి ఫోను అమ్మకు అని. నేను విన్నాను కూడా. కాని ఆయన చేతిలో డబ్బు ఉంది, నా అరలో అమ్ముడుపోని ఫోను ఉంది. ఆడుతుంది అన్నాను. కొట్టులో నెట్ ఉంది కదా, తెరిచి చూపించాను. కారు రయ్యిమంది. ఆయన మొహం వెలిగిపోయింది.

మరుసటి సంతకి ఫోను తిరిగొచ్చింది. కొట్టునిండా జనం. వదిన స్టూలు మీద ఉంది. ఆయన కేకలేమీ వెయ్యలేదు. ఫోను కౌంటర్ మీద పెట్టి, తెర మధ్యలో చక్రం తిరగడమే తప్ప ఆట రావడం లేదన్నాడు. ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని చూశారట. పిల్లలు ఆశ చావక, చక్రం ఎంతసేపటికి ఆగిపోతుందో పందేలు కాసుకుని, దాన్నే ఒక ఆటగా ఆడుకున్నారట. జనం నవ్వారు. ఆయన మాత్రం నా మొహంలోకి చూసి, నువ్వే కదా ఆడతాదని సెప్పినావు అన్నాడు. అందరూ నావైపు తిరిగారు. అప్పుడు నా నోట ఒక మాట వచ్చింది. నేను ఆలోచించలేదని అంటే అది ఇంకో అబద్ధం అవుతుంది. క్షణంపాటు ఆలోచించే అన్నాను. "మా వదిన చెప్పింది, నేను చెప్పాను. ఈ వార్తలన్నీ ఆవిడవే కదా."

వదిన తలెత్తి నన్ను చూసింది. అన్నయ్య పెట్టిన కొట్టులో, అంతమంది ముందు మరిదిని అబద్ధాలకోరుని చెయ్యడం ఆవిడ వల్ల కాలేదని ఇప్పుడు నాకు తెలుసు. అప్పుడు మాత్రం, ఆయన ఫోను పట్టుకుని వెనక్కి వెళ్లిపోయేసరికి గండం గడిచిందనుకున్నాను. అసలు గండం వచ్చే సంతకి ఉందని నాకు తోచలేదు. ఆ రోజు జనం మామూలుకన్నా ఎక్కువ వచ్చారు. ఫోనమ్మ ఈసారి ఈ తప్పు ఎలా చెబుతుందో విని నవ్వుకుందామని వచ్చారు. ఆవిడ స్టూలు మీద కూర్చుంది. తనది కాని తప్పు తనదని చెప్పలేదు. నాదని బయటపెట్టలేదు. ఆ తప్పు దాటేసి కొత్త వార్త ఎత్తుకోవడమూ ఆవిడకి చేతకాలేదు. చాలాసేపు చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పి, ఇయ్యాల కబుర్లేటీ నేవర్రా అని లేచి వెళ్లిపోయింది. అన్ని తప్పులూ నవ్వుతూ చెప్పే మనిషి ఈ ఒక్కటీ దాచిందంటే, అది కావాలని చేసిందేనని జనం అనుకున్నారు. ఆ మాటే వాళ్లతో కొండెక్కింది. ఆ వారంలోనే వదిన, చెల్లెలికి చింతపండు పనిలో సాయం కావాలని చెప్పి, రాజవొమ్మంగి వెళ్లిపోయింది.

కొట్టు నడిచింది. ఛార్జింగ్‌కి ఫోన్లు పెట్టేవాళ్లు పెట్టారు. పెట్టి బయటికి పోయి, నిండేవేళకి వచ్చి తీసుకుపోయారు. ఎవరూ కూర్చోవడం లేదు. నేనూ ఒకటి రెండుసార్లు కొత్త ఫోన్ల కబుర్లు చెప్పబోయాను. మర్యాదకి విన్నారు. కొండమీద పని చేస్తుందా అని ఎవరూ అడగలేదు. అడిగినా నా జవాబు దేనికి పనికొస్తుందని కాబోలు.

కొన్ని సంతలు గడిచాక ఆ కాఫీ రైతు మళ్లీ వచ్చాడు. ఏమీ కొనలేదు. స్టూలువైపు చూసి, ఆ అమ్మ రాలేదా అన్నాడు. "మాకేటీ కోపం నేదని సెప్పు బావూ. మనిసన్నాక మరుపు ఉంటాది. రమ్మను." చెయ్యని తప్పుకి ఆవిడని క్షమించడానికి ఆయన అంతదూరం నడిచొచ్చాడు. ఆ మాట విన్నాక నేను దాచలేకపోయాను. కొట్టులో అప్పటికి ఉన్నవాళ్లందరూ వింటుండగానే చెప్పేశాను. ఆవిడ వద్దంది, నేను అమ్మాను, దొరికిపోయేసరికి ఆవిడ మీదికి తోశాను అని. ఆయన నన్ను పైకీ కిందికీ చూశాడు. అలా ఎందుకు సెప్పినావు అని అడిగాడు. "సిగ్గేసి," అన్నాను. "మరి ఆ అమ్మకేటి, సిగ్గు ఉండదేటి?" అన్నాడు. ఆ ఫోను తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వబోతే, నెట్ లేకుండా ఆడే ఆటలు ఏమున్నాయో ఆ అమ్మనే అడిగి వేయించుకుంటాను, అప్పటిదాకా నా దగ్గరే ఉంటుంది అన్నాడు.

మర్నాడే బస్సులు మారుతూ రాజవొమ్మంగి వెళ్లాను. వదిన చెల్లెలి వాళ్ల వీధరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది. బుట్టకి ఫోను ఆనించి పెట్టుకుంది. అందులో ఎవరో కుర్రవాడు చేతిలో ఇమిడే కొత్త ఆటల యంత్రం గురించి గడగడా చెబుతున్నాడు. నన్ను చూసి దాన్ని ఆపలేదు, గొంతు మాత్రం తగ్గించింది. నేను చెప్పవలసింది చెప్పాను. ఆవిడ గింజలు తీస్తూనే వింది.

"ఎవల ముందు సెప్పావు?"

"ఆ రైతుకి చెప్పాను. కొట్టులో ఉన్నవాళ్లందరూ విన్నారు."

"ఆ రోజు నామీద సెప్పినప్పుడు ఉన్నోళ్లంతా ఉన్నారేటి?"

లేరన్నాను. కొందరు ఏడాదికి ఒకసారి గాని దిగరన్నాను.

"అయితే ఆళ్లు దిగినప్పుడల్లా సెప్పు," అంది. ఇంకొంచెంసేపటికి మళ్లీ తనే అంది. "నా పేరు పోయిందని కాదు మరిదీ నా బెంగ. ఇకమీద ఆ గుంటలు ఫోను కొనేముందు ఎవల్ని అడుగుతారని."

చెల్లెలు పెట్టిన భోజనం తిన్నాక వదిన సంచి సర్దుకుంది. బస్సెక్కేముందు ఒకే షరతు పెట్టింది. వార్తలు తను చెబుతుంది. తప్పులతో మొదలుపెట్టే పని మాత్రం నాది. తన తప్పులు తను చెప్పుకుంటుంది, ముందు నావి నేను చెప్పాలి. ఒప్పుకున్నాను. మొదటి సంతలో కష్టమైంది. ఇప్పుడు అలవాటైంది. కిందపడినా పగలదని నేను చెప్పిన అద్దం మెట్టుమీద పడి ఎలా ముక్కలైందో చెబుతుంటే జనం మా వదినకి నవ్వినంత గట్టిగా నాకూ నవ్వుతున్నారు. ఆ కాఫీ రైతు ఫోనులో ఇప్పుడు నెట్ అడగని ఆటలు నిండుగా ఉన్నాయి. అవన్నీ వదిన ముందు తను ఆడి, గెలిచి, వేసి ఇచ్చినవే. ఈమధ్య, టవర్ లేకుండా ఆకాశం నుంచే ఫోనుకి సిగ్నల్ వస్తుందన్న వార్త చెప్పినప్పుడు, ఆఖరి జీపు హారన్ కొడుతున్నా ఎవరూ లేవలేదు. వస్తాదట, గానీ ఎప్పుడో ఎంతకో ఇంకా తెలీదు, తెలిసినకాడికే సెప్తాను అంది ఆవిడ. ఆ మాత్రానికే వాళ్లు సంబరంగా జీపెక్కారు. నేను చెప్పి ఉంటే అలా ఎక్కేవాళ్లు కాదు.

నా అబద్ధం ఒక్క సంతలో కొండెక్కింది. నిజం ఇప్పటికీ ఎక్కుతూనే ఉంది, ఒక్కో మనిషి వెంట ఒక్కో ఊరికి. పట్నంలో కబురు గంటలో పాతబడిపోతుంది, దానితోపాటు అందులోని తప్పు కూడా ఎవరూ దిద్దకుండానే మరుగున పడిపోతుంది. మా దగ్గర కాలం సంత నుంచి సంతకి నడుస్తుంది కాబట్టి, చెడగొట్టినదాన్ని బాగుచేసుకోవడానికి కూడా మాకు కాస్త ఎక్కువ కాలం దొరుకుతుంది.