నడి కొల్లేట్లో సూర్యకాంతం

ఉంగుటూరు దగ్గర మెట్టినింట్లో నలభై ఏళ్ళు వరిచేలతోనే గడిచిపోయినా, సూర్యకాంతం మనసు మాత్రం కొల్లేట్లోనే ఉండేది. ఏటా వానలు పడి సరస్సు నిండగానే పుట్టింటికి బస్సెక్కేది. తమ్ముడు గంగాధరరావు దగ్గర తాటిమాను తొలిచిన దోనె తీసుకుని, అందులో నిలబడి, పొడుగాటి గెడతో తోసుకుంటూ ఒంటరిగా నీళ్ళమీదికి పోయేది. కూర్చుని తొయ్యడమంటే ఆవిడకి నామోషీ.

2007లో, అరవై మూడో ఏట, బయల్దేరుతుంటే భర్త జగ్గారావు అడ్డొచ్చాడు.

"మోకాలు మాట వినట్లేదంటావు. మళ్ళీ దోనెలో నిలబడతావా?"

"నీళ్ళమీద నొప్పి తెలీదండీ," అంది.

అది అబద్ధం. కిందటేడే గెడ దిగేసినప్పుడు కాలు గజగజలాడింది. ఎవరికీ చెప్పలేదు.

సర్కారు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశాక సరస్సు ఆవిడ చిన్నప్పటిలా కనుచూపుమేర పరుచుకుంది. ఆ సంబరంలో ఎన్నడూ పోనంత దూరం పోయింది. పడమట మబ్బు కమ్మడం చూసి వెనక్కి తిప్పబోతే, నీళ్ళకింద మిగిలిపోయిన గట్టు ముక్కకి దోనె అడుగు గీరుకుంది. మోకాలు మడతపడింది. గెడ చేజారింది. దోనెలో బోర్లా పడింది.

గాలి లేచింది. లేవబోతే దోనె ఒరిగిపోతోంది. అల అలకీ నీళ్ళు లోపలికొస్తుంటే దోసిళ్ళతో తోడింది. ఈత వచ్చు. కానీ గుర్రపుడెక్క వేళ్ళు కాళ్ళకి చుట్టుకుంటే? గెడ కళ్ళముందే తేలుతూ దూరమైపోయింది. కేకేద్దామనుకుంది. ముసలిదానికి ఇదేం పిచ్చని నవ్వుతారేమో! ఇంకో అల వచ్చి మొహాన కొట్టింది. సిగ్గంతా పోయింది.

"ఎవరైనా ఉన్నారా బాబూ!" గొంతు చిరిగేలా అరిచింది.

దూరంగా వలలెత్తుతున్న జాలరి యోసేపు పడవ చేరేసరికి, దోనె ఒరిగి నీళ్ళలో పడ్డ ఆవిడ గుండెలదాకా మునిగి, దాని అంచు పట్టుకుని వేలాడుతోంది.

"వదలండమ్మా, నేను పట్టుకున్నానుగా," అని ఎంత చెప్పినా వేళ్ళు రాలేదు. ఒక్కొక్కటే అతనే విడదీశాడు.

ఇంటికొచ్చి భర్తకి ఏదీ దాచలేదు. "చచ్చిపోతాననుకున్నానండీ."

"అయితే ఇంక వెళ్ళవుగా?"

ఆవిడ సంచిలోంచి తడిచీర తీసి ఆరేయడానికి పోయింది. ఆ ఏడాదంతా పంటకాలవ మీద బల్ల దాటాలన్నా ఎవరి చెయ్యో పట్టుకునేది. కళ్ళు మూసుకుంటే ఒళ్ళు ఒరిగిపోతున్నట్టుండేది.

మళ్ళీ వానలొచ్చాయి. అయినా సంచి సర్దుకుంది.  వెంట వెళ్ళడానికి జగ్గారావూ చొక్కా తొడుక్కున్నాడు.

గంగాధరరావు దోనె మునక్కుండా రెండు ఖాళీ క్యాన్లు కట్టాడు. ఈసారి సూర్యకాంతం కూర్చునే తోసింది. అడుగున నాచు తగిలినా ఒళ్ళు జల్లుమనేది. ఒడ్డునుంచి జగ్గారావు చేతులు దొప్పచేసి పిలుస్తూనే ఉన్నాడు.

"కాంతం!"

"ఉన్నానండీ!"

పిలుపు సన్నబడి, ఇక వినపడదేమో అన్నచోట ఆగింది. ముందంతా నీళ్ళే. భయం భయంగానే కాసేపు వాటినే చూస్తూ కూర్చుంది. తర్వాత దోనె తిప్పుకుంది.