గుళికల్లో కలిపిన జీవన ఎరువు

మొన్న రాజమండ్రిలో మల్లెమొక్కకని జీవన ఎరువు పొట్లం కొంటే, దాని మీద ఎర్రటి అక్షరాల్లో 'పురుగుమందులతో కలపరాదు' అని ఉంది. కొట్టులోనే నిలబడిపోయాను. పాతికేళ్ళ కిందట ఈ ఒక్క ముక్క మా పెదనాన్నకు చెప్పని మహా మేధావిని నేనే.

అప్పట్లో నేను కాలేజీలో సూక్ష్మజీవుల పాఠాలు చెప్పేదాన్ని. కొవ్వూరు దగ్గర మా పెదనాన్న వరిచేను ఏటికేడాది నీరసించిపోతోంది. ఎంత ఎరువేసినా పైరు కోలుకోదు, దున్నితే ఒక్క వానపాము కనపడదు. "ఈ పంటా ఇంతేనైతే కౌలుకిచ్చేస్తానమ్మా" అన్నారాయన. చేను వదిలేస్తే ఈ మనిషి ఏమైపోతారోనని మా పెద్దమ్మకు బెంగ. నేనేమో జీవన ఎరువు పొట్లాలు తెచ్చి, చల్లితే మట్టికి బలమొస్తుందని రెండు ముక్కలు చెప్పి, కాఫీ తాగి గొప్పగా వచ్చేశాను. మా పెదనాన్నకు ఒకే పనికి రెండుసార్లు బురదలో దిగడమంటే పరమ చిరాకు. యూరియా, ఇసక, పురుగుమందు గుళికలు, ఏదైనా సరే ఒకే బేసిన్లో కలిపేసి ఒక్క విడతలో చల్లేయడం ఆయన పద్ధతి. ఆ సంగతి నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు కూడాను! వారం తిరిగాక నేను వెళ్ళేసరికి గట్టు మీద కాళ్ళు కడుక్కుంటూ మురిసిపోతున్నారు.

"నీ పొట్లాలు గుళికల్లో కలిపి చల్లేశానమ్మా. స్వామికార్యం, స్వకార్యం!"

"అయ్యో, గుళికల్లోనా! ఆ పొట్లాల్లో ఉన్నవి ప్రాణమున్నవి పెదనాన్నా. కంటికి కనపడవు గానీ, మట్టిని బతికించేవి అవేనండీ!"

"మందు పురుగుక్కదా?" అని నవ్వారు.

"పురుగేదో, మంచిదేదో దానికేం తెలుస్తుందండీ?"

నవ్వు సగంలో ఆగిపోయింది. గట్టు మీద కూలబడ్డారు. "అయితే ఇన్నేళ్ళూ ప్రతి పంటకీ చల్లుతున్నానే. మన మట్టిలో ముందునుంచీ ఉన్నవేమైనట్టు?"

ఆయన గుప్పెడు మట్టి తీసి వాసన చూశారు. "నా చేత్తోనేనా..." అన్నారు. ఆ ముఖం చూడలేక నేను తల తిప్పేసుకున్నాను.

ఆ పంటా అంతంతమాత్రమే. అన్న మాట ప్రకారం చేను కౌలుకిచ్చేశారు. కౌలుదారుకు మాత్రం ఒక్కటే షరతు: "ఒక్క ఏడాది గుళికలు చల్లకయ్యా. దాన్ని ఊపిరి పీల్చుకోనీ."

ఏడాది చాలుననుకున్నారు మా పెదనాన్న. నేనూ చాలుననే చెప్పాను. మనుషుల ఏడాది ఎంతో ఇద్దరికీ తెలుసు. ఆ మట్టి మళ్ళీ బతకడానికి అలాంటివి ఎన్ని కావాలో మాత్రం మాలో ఎవరికీ తెలియదు.